కుర్చీ ఎత్తు కొలిచారు సరే, గది వేడి సంగతేమిటి?

పని చోట్లకు నమూనాలు గీసే ఇంజనీర్లకు, ఆ నమూనాల మీద సంతకం పెట్టే మేనేజర్లకు,

నమస్కారం.

మీరు కొన్న కుర్చీల మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నడుముకి ఆసరా ఉంది, చేతులు ఆనించుకునే చోటు పైకీ కిందికీ జరుగుతుంది, బల్ల ఎత్తు మనిషినిబట్టి మార్చుకోవచ్చు. మోచేతి ఎత్తు, కంటి ఎత్తు, చెయ్యి చాస్తే అందే దూరం అన్నీ టేపు పెట్టి కొలిచే చేయించారు. నేను షాప్ ఫ్లోర్ మీద భద్రత చూసే పనిలో ఉన్నాను. బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని షిఫ్టంతా లాక్కొచ్చిన మనుషులను చూశాను కాబట్టి, ఈపాటి మార్పుకి ఎంత పోరు పడాల్సి వచ్చిందో నాకు తెలుసు.

నా తగువు ఇంకొకటి. మీ ఎర్గోనమిక్స్ (పనిని మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చే శాస్త్రం) నివేదికల్లో పేజీలకు పేజీల కొలతలు అయ్యాక "పరిసరాలు" అని ఒక గడి వస్తుంది. దానికెదురుగా దాదాపు ఎప్పుడూ ఒకటే మాట: "సాధారణం". ఏ నెలలో చూశారు, ఏ వేళప్పుడు చూశారు, అప్పుడు మెషీన్లు నడుస్తున్నాయా ఆగి ఉన్నాయా, ఏదీ ఉండదు. వేడి, వెలుతురు, చప్పుడు, దుమ్ము కొలిచే నివేదిక వేరే ఉంటుంది. దాన్ని వేరే ఏజెన్సీ చేస్తుంది, అది వేరే ఫైల్లోకి పోతుంది, వేరే విభాగం అధికారి దాని మీద సంతకం పెడతారు. ఆ రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచి చదివినవారు నాకు ఇంతవరకు తగల్లేదు. పని చేసే మనిషి మాత్రం ఒక్కడే. కుర్చీకి ఒకరు, వేడికి ఒకరు, చప్పుడుకి ఒకరు అని ముగ్గురు వచ్చి పంచుకుని పనిచెయ్యరు.

నేను చెప్పేది ఇదే. మీరు కొలిచిన దూరాలు, ఎత్తులు, బరువులు వేడికి మారిపోతాయి, వెలుతురుకి మారిపోతాయి, చప్పుడుకీ అదురుకీ మారిపోతాయి. చల్లగా, ప్రశాంతంగా ఉన్న వేళ తీసిన కొలత ఆ వేళకే చెల్లుతుంది.

బరువులెత్తే పనికి మీరంతా వాడే లెక్కతోనే మొదలుపెడతాను. అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 1991లో సవరించిన సమీకరణం అది. అన్నీ అనుకూలిస్తే ఎత్తదగిన బరువు 23 కిలోలు. బరువు ఒంటికి ఎంత దూరంలో ఉంది, ఎంత ఎత్తు నుంచి లేపాలి, నడుము ఎంత తిరగాలి, నిమిషానికి ఎన్నిసార్లు, పట్టు ఎలా ఉంది అని ఒక్కో గుణకంతో ఆ 23ని కోసుకుంటూ పోతారు. ఈ కూడికలూ గుణకారాల్లో మిమ్మల్ని తప్పుపట్టడానికి నాకేమీ దొరకదు. కానీ ఆ సమీకరణం ఎక్కడ చెల్లుతుందో దాన్ని తయారుచేసినవాళ్లే రాసిపెట్టారు. ఉష్ణోగ్రత 19 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. నేల కాలు జారనిదై ఉండాలి, ఘర్షణ గుణకం కనీసం 0.4. మీ గోడౌన్లలో, లోడింగ్ బేల్లో ఏడాది పొడుగునా ఆ షరతులు ఎన్నిచోట్ల నిలుస్తాయో మీరే చెప్పండి. షరతు నిలవని చోట లెక్క కట్టి, కింద పచ్చరంగు పూసి "సురక్షితం" అని రాస్తే అది తూతూమంత్రమే.

ఒక కొలిమి తలుపు ముందు పని చూద్దాం. ట్రే బయటికి లాగాలి, పక్కనున్న ట్రాలీ మీద పెట్టాలి. డ్రాయింగులో మనిషి తలుపు దగ్గరగా నిటారుగా నిలబడి ఉంటాడు, ట్రే అతనికి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అసలు జరిగేది వేరు. తలుపు తెరవగానే సెగ ముఖానికి కొడుతుంది. అతను ఒక అడుగు వెనక్కి వేస్తాడు, ముఖం పక్కకి తిప్పుకుంటాడు, రెండు చేతులూ బారజాపి ట్రే అంచు అందుకుంటాడు. 25 సెంటీమీటర్లు కాస్తా 50 అయ్యాయి. నియోష్ లెక్కలో దూరం గుణకమంటే 25ని ఆ దూరంతో భాగించడమే. అంటే ఒక్క అడుగుతో 23 కిలోల హద్దు 11.5కి దిగింది. ముఖం తిప్పడంతో నడుములో పడ్డ మెలిక, చెమట చేతుల్లో జారే పట్టు, వీటి కోత వేరే. ఆ వేడిలో ఈ సమీకరణమే చెల్లదని పైన చెప్పాను. చెల్లుతుందని ఒప్పుకున్నా పరిస్థితి ఇదీ. సెగకి అడ్డంగా మెరుపు రేకు తెర ఒకటి నిలబెడితే మనిషి ఎవరూ చెప్పకుండానే దగ్గరికి వస్తాడు. తెర పెట్టలేదు గానీ, ఆ పక్క గోడకి "బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి" అని పోస్టరు అంటించారు. అది చెప్పినట్టు చేస్తే గడ్డం కాలుతుంది.

వేడి దగ్గర ఇంకాసేపు ఆగుతాను, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యం ఇక్కడే. వేడిలో పనిచేసేటప్పుడు గుండెకి రెండు పనులు పడతాయి. కండరాలకి రక్తం పంపాలి, ఒంట్లో వేడిని బయటికి తోయడానికి చర్మానికీ పంపాలి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, కారిపోతే లాభం లేదు. అందుకే గోడకి వేలాడే థర్మామీటరును నమ్ముకోవడం దండగ. 1950ల్లో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో వడదెబ్బలు ఆపడానికి పుట్టిన డబ్ల్యూబీజీటీ (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్) అనే కొలత ఉంది, వేడితోపాటు తేమనీ సెగనీ కలిపి చూస్తుంది. ఇవాళ ఐఎస్ఓ 7243 అనే అంతర్జాతీయ ప్రమాణం దాని మీదే నడుస్తోంది. ఎండ తగలని చోట ఆ లెక్కలో 70 శాతం తడిగుడ్డ చుట్టిన (తడి బల్బు) థర్మామీటరుది, 30 శాతం నల్ల గోళం లోపలి థర్మామీటరుది. మామూలు థర్మామీటరు రీడింగుకి అందులో చోటే లేదు. మీ నివేదికల్లో ఉన్నదేమో అదొక్కటే.

పైగా బట్టలు. రసాయనాల దగ్గర పనిచేసేవారికి ఆవిరి బయటికి పోనివ్వని కవరాల్ ఇస్తారు, ఇవ్వాల్సిందే. కానీ ఆ బట్టలు వేసుకున్నవాళ్ల విషయంలో కొలిచిన డబ్ల్యూబీజీటీకి 11 డిగ్రీలు కలిపి చూడాలని ప్రమాణాలు చెబుతున్నాయి. గదిలో 22 ఉంటే ఆ సూటు లోపలి మనిషికి 33 కింద లెక్క. ఒకే వరుసలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు, ఒకరు సూటులో, ఒకరు చొక్కాలో, రెండు వేర్వేరు వాతావరణాల్లో పనిచేస్తున్నారు. ఎవరికి ఎంత పని అని పంచే మీ లైన్ బ్యాలెన్సింగ్ షీట్‌లో మాత్రం ఇద్దరికీ ఒకే సైకిల్ టైము, అంటే ఒక్కో వంతు పనికి ఒకే సమయం.

1974లో స్నూక్, సిరియెల్లో అనే ఇద్దరు పరిశోధకులు కార్మికులనే పిలిచి, పొద్దస్తమానం చెయ్యగలమని మీకు ఎంత అనిపిస్తే అంతే ఎంచుకోండి అన్నారు. డబ్ల్యూబీజీటీ 17 డిగ్రీల దగ్గర ఎంచుకున్నదానితో పోలిస్తే 27 డిగ్రీల దగ్గర ఎత్తే పని 20 శాతం, తోసే పని 16 శాతం, మోసే పని 11 శాతం తగ్గాయి. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బతిమాలలేదు. ఒళ్లు తనంతట తానే తగ్గించుకుంది. మీ టార్గెట్ బోర్డు మీద అంకె మాత్రం చలికాలంలో ఎంతో వేసవిలోనూ అంతే. ఆ తేడాను ఎవరు పూడుస్తున్నారంటే, మంచినీళ్లకి పోకుండా, విరామం మింగేసి, మనుషులే పూడుస్తున్నారు. 2030 నాటికి వేడివల్ల ప్రపంచ పనిగంటల్లో 2.2 శాతం నష్టపోతామని, అది 8 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలతో సమానమని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లోనే అంచనా వేసింది. పొలం పనులూ కట్టడం పనులూ కూడా నీడలోనే జరుగుతాయనుకుని వేసిన లెక్క అది, నేరుగా తగిలే ఎండను అందులో కలపనే లేదు.

కొత్తగా చేరినవాళ్ల గురించి ఒక మాట. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు కావాలి. వేడి పనిలో కొత్తవాళ్లకి మొదటి రోజు మామూలు పనిలో 20 శాతం మాత్రమే ఇచ్చి, రోజుకి ఇంకో 20 చొప్పున పెంచమని నియోష్ సలహా. మన దగ్గర ఆనవాయితీ దీనికి సరిగ్గా తలకిందులు. కొత్తవాడు కాబట్టి అందరూ వద్దన్న మూలకే మొదట పంపుతారు.

ఖరీదైన సాధనాలు లేకుండానే కొంత తెలుసుకోవచ్చు. పని ఆపి కూర్చున్నాక మొదటి నిమిషంలో ఒకసారి, మూడో నిమిషంలో ఒకసారి నాడి చూడాలి. మూడో నిమిషానికి నిమిషానికి 90 కంటే దిగితే పర్వాలేదు. 90కి పైనే ఉండి, రెండింటి మధ్య తేడా 10 కూడా లేకపోతే ఆ పని ఆ వేడిలో ఆ మనిషికి మించిపోయింది. లూసియన్ బ్రూహా అనే శాస్త్రవేత్త నుంచి వచ్చిన పద్ధతి ఇది. కావలసింది ఒక గడియారం, మూడు నిమిషాల ఓపిక.

వెలుతురు విషయానికొస్తే, మెడ కంటి మాట వింటుంది, కుర్చీ మాట వినదు. మెరిసే లోహపు భాగాల మీద సన్నగీతలు వెతికే తనిఖీ బల్ల ఒకటి ఊహించండి. వెలుతురు కొలిచే లక్స్ మీటరు బల్ల మీద పెడితే 1000 చూపిస్తుంది, ప్రమాణానికి సరిపోయింది, అధికారి సంతృప్తిగా వెళ్లిపోతారు. ఆ బల్ల దగ్గర కూర్చున్నామె ఏం చేస్తుందో ఒక పది భాగాలు అయ్యేదాకా చూడండి. నెత్తిన ఉన్న ట్యూబ్‌లైటు ప్రతిబింబం ఆ లోహం మీద తెల్లగా పరుచుకుంటుంది, గీత దాని కింద దాక్కుంటుంది. ఆమె భాగాన్ని ఎడమకి వంచుతుంది, మణికట్టు మెలిపెడుతుంది, తల కుడికి వాల్చి, వీపు కుర్చీనుంచి ఎత్తి, ముఖం దగ్గరికి తెచ్చుకుని చూస్తుంది. రోజంతా ఇంతే. అంత మంచి కుర్చీకి ఉన్న వీపు ఆసరా కొత్తదిగానే మిగిలిపోయింది. మీ నివేదిక ఏమందంటే, "కార్మికురాలికి సరైన భంగిమపై శిక్షణ అవసరం". కావలసింది శిక్షణ కాదు, ఆ నెత్తి మీది లైటు తీసెయ్యడం. పక్కనుంచి, తక్కువ కోణంలో ఒక దీపం పెడితే గీత దానంతటదే నీడ వేసుకుని కనపడుతుంది. మెడ మళ్లీ నిటారవుతుంది.

ఆఫీసుల్లోనూ ఇదే కథ. చదవడం, రాయడం, కంప్యూటరు పనికి 500 లక్స్ చాలని ప్రమాణాలు అంటాయి. ఎంత వెలుతురు అన్నది అందరూ కొలుస్తారు, ఎటునుంచి వస్తోందన్నది ఎవరూ చూడరు. కిటికీకి ఎదురుగానో, వీపు కిటికీ వైపు ఉండేలానో స్క్రీన్ పెడితే ఏదో ఒక వేళకి అందులో ఏమీ కనపడదు. మనిషి స్క్రీన్‌ను కాస్త పక్కకి తిప్పుకుంటాడు, బల్ల తిరగదు, కీబోర్డు తిరగదు, మెడ తిరుగుతుంది. స్క్రీన్‌ను మొదటే కిటికీకి అడ్డంగా, లంబకోణంలో పెట్టి ఉంటే పోయేది. వయసు కూడా లెక్కలోకి రావాలి. 20 ఏళ్ల మనిషి కంటి లోపలి పొరకి చేరే వెలుతురులో 60 ఏళ్ల మనిషికి చేరేది ఇంచుమించు మూడో వంతే. బైఫోకల్ కళ్లద్దాలవాళ్లు కింది గాజులోంచి స్క్రీన్ చూడటానికి గడ్డం పైకెత్తుతారు. వాళ్లకి మానిటర్ కొంచెం దించాలి. మీ డ్రాయింగ్ మాత్రం అందరికీ ఒకే ఎత్తు.

చప్పుడు గురించి మాట్లాడితే అందరూ చెవి గురించే మాట్లాడతారు. అది ముఖ్యమే. 8 గంటలకి 85 డెసిబెల్స్ అని నియోష్ చెప్పిన హద్దులో ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఉండదగిన సమయం సగానికి పడిపోతుంది, 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. కానీ చెవికి ఏ హానీ చెయ్యని చప్పుడు ఒంటికి ఏం చేస్తుందో ఎర్గోనమిక్స్ చూసే మీకు తెలియాలి. 2000లో గ్యారీ ఎవాన్స్, డేనా జాన్సన్ ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. 40 మంది మహిళా క్లర్కులను రెండు జట్లు చేసి, ఒక జట్టును నిశ్శబ్దంలో, ఇంకో జట్టును మామూలు ఓపెన్ ఆఫీసులో ఉండేపాటి చప్పుడులో 3 గంటలు పనిచేయించారు. టైపింగ్‌లో తేడా రాలేదు. ఒత్తిడిగా ఉందని చప్పుడు జట్టువాళ్లు చెప్పనూ లేదు. కానీ వాళ్ల మూత్రంలో ఎపినెఫ్రిన్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగింది. ఆ తర్వాత ఇచ్చిన చిక్కు ప్రశ్నలను వాళ్లు ముందే వదిలేశారు. ఇంకొకటి, మీరు రెండుసార్లు చదవాల్సింది: కూర్చున్న తీరు మార్చుకోవడం, కుర్చీ సర్దుకోవడం, ఒళ్లు కదిలించుకోవడం వాళ్లలో తగ్గిపోయింది.

ఏడు రకాలుగా సర్దుకోగల కుర్చీకి డబ్బు పోసి, దాన్ని ఫోన్ల హోరు మధ్యలో పెట్టారు. ఆ హోరు మనిషిని కొయ్యబార్చి కూర్చోబెడుతుంది. కుర్చీ మీటలు ఎవరూ ముట్టుకోరు. అప్పుడు "మేం అన్నీ ఇచ్చాం, వాళ్లే వాడుకోరు" అనే మాట వస్తుంది. ఈ మాట నేను విన్నన్ని సార్లు బహుశా నా పేరు కూడా విని ఉండను.

గమనించారా, టైపింగ్ వేగం తగ్గలేదు, ఫిర్యాదూ రాలేదు. మీరు చూసే రెండు కొలమానాలూ అవే: ఉత్పత్తి అంకె, ఫిర్యాదుల రిజిస్టరు. రెండూ శుభ్రంగా ఉన్నాయి, నష్టం మాత్రం జరిగిపోయింది. పరిసరాలు బాగాలేనప్పుడు మనిషి మొదట చేసే పని ఇంకాస్త ఎక్కువ బలం పెట్టి అంకెను నిలబెట్టడం. అంకె పడిపోయే నాటికి చాలాకాలం గడిచి ఉంటుంది. దానికంటే ముందు తప్పులు పెరుగుతాయి, షిఫ్టు చివరి గంటలో తిరిగి చేసే పని పెరుగుతుంది, సెలవు చీటీలు పెరుగుతాయి. కాబట్టి గంటకి ఎన్ని చేశారన్నది ఒక్కటే కాకుండా, ఏ గంటలో ఎన్ని తిరిగి చెయ్యాల్సి వచ్చిందో చూడండి. మధ్యాహ్నపు తప్పులనూ మధ్యాహ్నపు వేడినీ ఒకే కాగితం మీద గీస్తే చాలా వాదనలు అవసరమే పడవు.

ఇక్కడ ఎవరో ఒకరు హాథార్న్ ప్రయోగాల ప్రస్తావన తెస్తారని తెలుసు, ప్రతి సమావేశంలోనూ తెస్తారు. 1924 నుంచి 1927 దాకా షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి కర్మాగారంలో లైట్లు పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగిందనీ, కనక వెలుతురుతో పనిలేదు, మనుషుల మీద కాస్త శ్రద్ధ చూపిస్తే చాలనీ అంటారు. ఆ పాత లెక్కలను 2011లో లెవిట్, లిస్ట్ అనే ఆర్థికవేత్తలు మళ్లీ తవ్వి చూశారు. లైట్లు మార్చింది ఆదివారాల్లో. మార్పు తర్వాత వచ్చేది సోమవారం, ఆ ఫ్యాక్టరీలో సోమవారం ఉత్పత్తి శనివారం కంటే ఎక్కువ ఉండటం మామూలే, లైట్లు మార్చని వారాల్లోనూ అంతే. ఇన్నేళ్లుగా లైటు మార్చకుండా తప్పించుకోవడానికి వాడుకున్న సాక్ష్యం ఇదీ.

అదురు సంగతి. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లకి నడుము నొప్పి అంటే సీటు మారుస్తారు. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకి 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు అదురుకి ఎక్కువగా స్పందిస్తుంది. నేల మీద పగుళ్లు, కాలువ మూతలు, గట్టి టైర్లు కలిసి ఇచ్చేది సరిగ్గా ఆ రకమే. స్ప్రింగు సీటులో బరువుకి తగ్గట్టు బిగించే మీట ఒకటుంటుంది. షిఫ్టు మారినప్పుడు నూరు కిలోల మనిషి దిగి అరవై కిలోల మనిషి ఎక్కుతాడు, మీట ఎవరూ తిప్పరు. పైగా ఎదురుగా లోడు అడ్డం కాబట్టి సగం దూరం మెడ వెనక్కి తిప్పి రివర్సులోనే నడుపుతాడు. మెలిపడిన నడుము మీద అదురు. సీటు కొనే డబ్బులో కొంత నేల పూడ్చడానికి పెట్టండి.

చేతి పనిముట్ల అదురుకి చలి తోడైతే ఏమవుతుందో వందేళ్ల కిందటే తెలుసు. 1918లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ అమెరికాలో ఇండియానా రాష్ట్రపు సున్నపురాయి పనివాళ్లను పరీక్షించి, గాలి సుత్తులు పట్టుకున్న వేళ్లు చలి ఉదయాల్లో తెల్లబడి మొద్దుబారిపోతున్నాయని నమోదు చేశారు. స్పర్శ తగ్గిన వేళ్లు అవసరానికి మించి గట్టిగా పట్టుకుంటాయి, గట్టిగా పట్టుకుంటే అదురు ఇంకా లోపలికి ఎక్కుతుంది. యూరప్ 2002 నిబంధన ప్రకారం చేతికి చేరే అదురు 8 గంటల సగటున 2.5 యూనిట్లు దాటితే చర్యలు మొదలుపెట్టాలి, 5 దాటనే కూడదు. ఇక్కడ యూనిట్ అంటే సెకను వర్గానికి మీటరు. 10 యూనిట్ల గ్రైండరు అయితే మొదటి గీత అరగంటలో, రెండోది 2 గంటల్లో దాటుతుంది. ఆ గ్రైండరు వెనకనుంచి వచ్చే గాలి చేతి మీదికే కొడుతుంటే ఆ గాలి దారి మళ్లించడం కూడా ఎర్గోనమిక్సే.

కోల్డ్ స్టోరేజీలో స్కానర్ బటన్లు చూశారా? వట్టి వేలికి సరిపోయేలా చేశారు. మందపు గ్లోవ్ తొడుక్కుంటే ఒకేసారి రెండు బటన్లు నొక్కుకుంటాయి. అందుకని కుడిచేతి గ్లోవ్ చూపుడువేలు కత్తిరించుకుంటారు. వేలి చర్మం 15 డిగ్రీల కిందికి దిగితే వేళ్ల నేర్పు తగ్గిపోతుంది, అప్పుడు వట్టి వేలితోనూ తప్పు బటనే పడుతుంది. స్కానర్ ఎంచుకున్నవారు ఏ గదిలో కూర్చుని ఎంచుకున్నారో చెప్పక్కర్లేదు.

గాలి గురించి ఎక్కువ రాయను. ఏసీ డక్టు నోరు మెడ మీదికి ఊదుతుంటే భుజాలు బిగుసుకుంటాయి. డక్టుకి అట్టముక్క అడ్డం కట్టి ఉన్న చోటల్లా నమూనాలో లోపం ఉందని అర్థం. అట్ట పీకించకండి, డక్టు జరపండి. ఇక అందరికీ ఒకే ఉష్ణోగ్రత అంటే అయ్యే పని కాదు. ఆఫీసు ఉష్ణ సౌఖ్యానికి ఆధారమైన, డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ కట్టిన లెక్క ప్రకారమే, అన్నీ అచ్చంగా కుదిరినా 5 శాతం మంది అసంతృప్తిగానే ఉంటారు. ఆ లెక్కల్లో శరీరం పుట్టించే వేడికి పాతకాలంలో 70 కిలోల మగవాణ్ని కొలమానంగా తీసుకున్నారు. ఆడవాళ్ల విషయంలో అది 35 శాతం దాకా ఎక్కువ చూపవచ్చని 2015లో ఒక అధ్యయనం తేల్చింది. ఆఫీసులో శాలువాలు కప్పుకుని టైపు చేసేవాళ్లు సుకుమారులు కారు.

అందుకే మీటలు మనుషుల చేతికి ఇవ్వమంటున్నాను. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ 1970ల మొదట్లో ప్రచురించిన ప్రయోగాల్లో, చప్పుడు ఆపే బటన్ ఒకటి చేతికిచ్చి, తప్పనిసరైతే తప్ప నొక్కవద్దన్నారు. దాదాపు ఎవరూ నొక్కలేదు. చప్పుడు అందరికీ ఒకటే. అయినా బటన్ ఉన్నవాళ్లు ఆ తర్వాతి పనిలో బటన్ లేనివాళ్లకంటే ఎక్కువసేపు పట్టు వదలకుండా పనిచేశారు. బల్లకో చిన్న దీపం, దానికి స్విచ్చి. ఫ్యాను దిక్కు మార్చుకునే వీలు. చప్పుడు మెషీను చుట్టూ తెర వేసుకునే అనుమతి. ఇవి దయాధర్మం కింద ఇచ్చేవి కావు, ఫలితం మీకే వస్తుంది.

ఇక చెయ్యాల్సింది. కొలతలు తీయడానికి అనువైన రోజు కాదు, చెడ్డ రోజు ఎంచుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం, అన్ని మెషీన్లూ నడుస్తున్నప్పుడు, మనిషి గ్లోవ్స్, మాస్కు, సూటు అన్నీ వేసుకుని ఉన్నప్పుడు. వేడి, వెలుతురు, చప్పుడు అతను నిలబడే చోట, అతని ఛాతీ దగ్గర, కంటి దగ్గర, చెవి దగ్గర కొలవండి, గది మధ్యలో స్టాండు పెట్టి కాదు. ఆ అంకెలు భంగిమ ఫొటో పక్కనే, అదే పేజీలో ఉండాలి. "మెడ 30 డిగ్రీలు వంగింది" అని రాసినచోటే ఎందుకు వంగిందో ఉండాలి. కారణం లేని భంగిమ కొలత నా దృష్టిలో నేరం మోపడమే, మనిషి మీద. రెండు ఏజెన్సీలను ఒకేరోజు పిలవడానికి ఖర్చు పెరగదు, ఒకరి అంకెలు ఇంకొకరు చూడటానికి అసలు ఖర్చే లేదు.

పని నమూనాలో వేడికి ఒక హద్దు గీత, దానితోపాటు వేగం మారే పట్టిక ఉండాలి. డబ్ల్యూబీజీటీ ఇంత దాటితే గంటకి ఇన్ని, ఇంత విరామం, ఇంకా దాటితే పని ఆగాలి. ఆ విరామం టార్గెట్‌లోంచి ముందే తీసేసి ఉండాలి, లేకపోతే ఎవరూ తీసుకోరు. ప్రతి 15, 20 నిమిషాలకి ఒక కప్పు నీళ్లు తాగమని చెబుతూ నీళ్ల డ్రమ్ము షెడ్డు అవతలి చివర పెట్టడం, మూత్రశాలకి వెళ్లిన నిమిషాలు లెక్కపెట్టడం రెండూ మానాలి. నీళ్లు తాగకుండా ఉండటానికి అసలు కారణం చాలాచోట్ల ఆ రెండోదే.

సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణం ప్రాథమిక హక్కుల జాబితాలో చేరాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022 జూన్‌లో తీర్మానించింది. హక్కు అన్నాక అడగడానికి ఒక మనిషి, ఇవ్వడానికి ఒక మనిషి ఉండాలి. కాబట్టి మీనుంచి ఈ వేసవి లోపల నాకు కావలసిన జవాబు ఒకటి. గీత దాటిన మధ్యాహ్నం లైను ఆపమని చెప్పే అధికారం మీ దగ్గర ఎవరిది? ప్రొడక్షన్ మేనేజరుదా, భద్రతా అధికారిదా, ఆ షిఫ్టు సూపర్‌వైజరుదా? ఆపినందుకు మర్నాడు అతణ్ని సంజాయిషీ అడగరని హామీ ఎవరిది? ఆ హోదా పేరు, ఆ గీత అంకె, ఒకే కాగితం మీద రాసి, ఆ నల్ల గోళపు థర్మామీటరు పక్కన, పనిచేసేవాళ్లకి కనపడే ఎత్తులో అంటించండి.

ఇట్లు,
షాప్ ఫ్లోర్ మీద భద్రత చూసే ఒక ఉద్యోగి